మాఘంలో మట్టి పని: పెరటి కూరగాయల తోటకు నేల సిద్ధం చేయడంపై ఒక సమీక్ష

సంక్రాంతి వెళ్ళి రథసప్తమి దగ్గర పడేసరికి తెలుగు పెరళ్ళలో నేల ఖాళీ అవుతుంది. కాబేజీ, ముల్లంగి, పాలకూర చివరికొస్తాయి. చిక్కుడు పాదు ఒక్కటే ఇంకా కాస్తూ ఉంటుంది. బెండ, బీర, ఆనప, దోస, గోరుచిక్కుడు గింజలు వేసుకోవడానికి అదను ఇదే. ఆ గింజ పడే ముందు నేలకు ఏం చేయాలన్న దగ్గరే ఏకాభిప్రాయం లేదు. రెండడుగుల లోతు తవ్వమని ఒకరంటారు, పలుగు ముట్టుకోనే వద్దని మరొకరు. బండెడు పశువుల ఎరువు కావాలని ఒకరు, నాలుగు చెంబుల జీవామృతం చాలని ఇంకొకరు. ఎత్తు మడులే మేలని కొత్త పుస్తకాలు చెబుతుంటే, పాదు గుంట తీసి వేయడమే మన ఊళ్ళలో వాడుక.

వీటిలో ప్రతి సలహా ఎక్కడో ఒకచోట, ఏదో ఒక నేల మీద ఫలించిందే. చిక్కల్లా ఆ చోటు, ఆ నేల ఏవో చెప్పకుండా సలహా ఒక్కటే ప్రయాణం చేయడంలో ఉంది. ప్రధాన వాదాలన్నిటినీ మన నేలల మీద, మన ఎండల కింద నిలబెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను: మన వసంతంలో నేల తయారీ అంటే రాబోయే ఎండకు నేలను తట్టుకునేలా చేయడమే. తవ్వకమైనా, ఎరువైనా, మడి ఆకారమైనా ఈ ఒక్క కొలతతో తూచుకోవాలి.

రెండు వసంతాలు

తోటపని మీద దొరికే పుస్తకాల్లో, వీడియోల్లో చాలావరకు ఇంగ్లండు, అమెరికాల నుంచి వచ్చినవి. అక్కడ వసంతమంటే చలికి గడ్డకట్టిన నేల కరగడం. మంచు నీటితో ముద్దయిన మట్టి ఆరాలి, వేడెక్కాలి, అప్పుడుగాని గింజ మొలవదు. అందుకే ఎత్తు మడులు కట్టడం, నల్ల ప్లాస్టిక్ పరిచి నేలను వెచ్చబరచడం, ఇంట్లో కిటికీ పక్కన నారు పెంచడం వంటి పద్ధతులు అక్కడ పుట్టాయి. వాటి పనంతా నేలను త్వరగా ఆరబెట్టడం, వేడి చేయడం.

మనకు కావలసింది సరిగ్గా దీనికి ఎదురు. హైదరాబాదులో జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి పగటి వేడి సగటు 38 డిగ్రీలకు చేరుతుంది. నేల వేడి 17, 18 డిగ్రీల కన్నా తగ్గితే బెండ గింజ సరిగా మొలవదు కనుక, జనవరిలో రాత్రి చలి 10 డిగ్రీల కిందికి దిగే ఆదిలాబాద్ వంటి చోట్ల మాఘం సగం గడిచేదాకా ఆగడం మంచిది. కోస్తాలో సంక్రాంతి మర్నాడే వేసినా మొలుస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. ఆ తర్వాత వారం వారానికీ వేడి ముదురుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఏ కప్పూ లేని నేల పైపొర వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పైన రెండంగుళాల మట్టిలో లేతవేరు బతకదు. మొక్క వేళ్ళు ఆలోగా కిందికి దిగి ఉండాలి, పైమట్టికి నీడ ఉండాలి. మాఘంలో చేసే మట్టి పని అంతా దీనికోసమే.

ముందు నేల ఏదో తెలియాలి

మన రాష్ట్రాల నేలలు ఒకదానికొకటి పోలిక లేనివి. తెలంగాణలో, రాయలసీమలో విస్తారంగా ఉన్న ఎర్ర చెల్కల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది, వాన పడి ఆరితే పైన అట్టకడుతుంది, మొలక ఆ అట్టను చీల్చుకుని రాలేక లోపలే ముడుచుకుపోతుంది. నల్లరేగడి నీటిని బాగా పట్టి ఉంచుతుంది. తడిస్తే ఉబ్బి జిగటవుతుంది, ఎండితే బెత్తెడు పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలో లేత వేళ్ళు తెగిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని ఒండ్రు సారవంతమైనదే గాని చాలాచోట్ల మురుగు సరిగా పోదు. తీరం వెంబడి ఇసుక నేలలో వేసిన ఎరువు నీటితోపాటే కిందికి జారిపోతుంది.

నాలుగిటికీ ఉమ్మడి లోటు సేంద్రియ కర్బనం. భూసార పరీక్షల్లో 0.5 శాతం కన్నా తక్కువుంటే తక్కువగా, 0.75 శాతం దాటితే ఎక్కువగా లెక్కిస్తారు. మన మెట్ట నేలలు చాలావరకు ఆ మొదటి గీత దగ్గరే, లేదా దాని కిందే ఉంటాయి. వేడి దేశంలో మట్టిలోని ఆకు, పేడ త్వరగా చివికి గాలిలో కలిసిపోతాయి కనుక ఒక ఏడు వేసిన ఎరువు పై ఏటికి మిగలదు. మనకు ఎరువు వేయడం ఏటా చేయవలసిన పని.

2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, వీటితోపాటు ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. పెరటి తోటకైనా కొన్నేళ్ళకోసారి పరీక్ష చేయించడం దండగ కాదు. మట్టి తీయడంలోనే చాలామంది పొరబడతారు. పెంటకుప్ప పక్కన, చెట్టు కింద, గట్టు మీద తీయకూడదు. తోటలో ఐదారు చోట్ల ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా రెండు వేళ్ళ మందాన మట్టి చెక్కాలి. అంతా గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా అలా చేసి, నీడన ఆరబెట్టి పంపాలి.

ఇక్కడే ఒక దిగుమతి సలహాను పక్కన పెట్టాలి. వసంతంలో తోటకు సున్నం చల్లమని పడమటి పుస్తకాలు చెబుతాయి. వానలు ఎక్కువై నేల పులిసిపోయే చోట అది సరైన మాట. మన నల్ల నేలల ఉదజని సూచిక సాధారణంగా 7.5 నుంచి 8.5 దాకా ఉంటుంది. ఎర్ర నేలలు చాలాచోట్ల తటస్థానికి దగ్గరగా ఉంటాయి. ఉత్తరాంధ్ర కొండ ప్రాంతాల్లోని పుల్ల నేలలు తప్పిస్తే మనకు సున్నంతో పని లేదు. పొయ్యి బూడిద కూడా క్షారమే కనుక నల్ల నేలలో గుప్పెళ్ళకొద్దీ పోయకూడదు. ఇల్లు కట్టినప్పుడు సిమెంటు, సున్నం, ఇటుక పొడి కలిసిన మట్టి అయితే మరీ జాగ్రత్త. అలాంటి నేలలో బెండ లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా వల గీసినట్టు కనిపిస్తాయి. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారం వల్ల వేరుకు అందడం లేదన్నమాట. అప్పటికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే పచ్చబడుతుంది. శాశ్వతమైన మందు మాత్రం ఏటా పడే చివికిన ఎరువే.

తవ్వాలా, వద్దా

ఈ సమీక్షలో అన్నిటికన్నా పెద్ద తగాదా ఇది. ఒక కొసన రెండంచెల తవ్వకం ఉంది. పార లోతు పైమట్టి తీసి పక్కన పెట్టి, దాని కింద మరో పార లోతు గుల్ల చేసి, మళ్ళీ పైమట్టి వేయడం. అలన్ చాడ్విక్ దారిలో నడిచిన జాన్ జీవన్స్ 1974 నాటి తన పుస్తకంతో కాలిఫోర్నియాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. రెండో కొసన తవ్వకమే వద్దన్న వాదం. 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ అమెరికాలో నాగలి దుక్కినే ప్రశ్నించారు. 1950లలో రూత్ స్టౌట్ తోటంతా ఎండుగడ్డితో మందంగా కప్పి కూరగాయలు పండించారు. జపానులో మసనోబు ఫుకువోకా దున్నకుండా వరి పండించిన తీరు ‘గడ్డిపరకతో విప్లవం’ పుస్తకం ద్వారా తెలుగువాళ్ళకూ పరిచయమే. ఇంగ్లండులో చార్ల్స్ డౌడింగ్ తవ్విన మడి, తవ్వని మడి పక్కపక్కనే పెట్టి ఏళ్ళ తరబడి దిగుబడి తూచి రాస్తున్నారు. మొత్తం మీద తవ్వని మడే కాస్త ముందుంటోంది.

వీటిని మన నేలకు తెచ్చేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. డౌడింగ్ మడులకు ఏటా కంపోస్టు దండిగా పడుతుంది. చల్లని నేలలో అది నిలుస్తుంది, వానపాములు దాన్ని కిందికి తీసుకుపోతాయి. మన ఎర్ర చెల్క ఎండితే రాయిలా గట్టిపడుతుంది. ఏళ్ళుగా తొక్కుడు పడిన పెరటిలో పైన ఎరువు పరిచి మొదటి ఏడే గింజ వేస్తే, వేరు నాలుగంగుళాలు దిగి ఆగిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎర్ర నేలల మీద చేసిన పరిశోధనల్లో, దుక్కి వల్ల నీరు ఇంకడం కొద్దికాలమే మెరుగుపడుతుందని, గడ్డి కప్పితే ఆ మేలు నిలుస్తుందని తేలింది. తగాదా పడే రెండు పక్షాలనూ కలిపే ఫలితం ఇది. ఒట్టి తవ్వకం నిలవదు. కప్పు వేసి ఉంచితే తవ్వకం అవసరమే క్రమంగా తగ్గుతుంది.

కనుక నా సూచన ఇది. కొత్త పెరడైతే మొదటి ఏడు అడుగు లోతు తవ్వి, రాళ్ళు, తుంగ గడ్డలు, గరిక వేళ్ళు ఏరేయండి. పై ఏటి నుంచి గునపం గుచ్చి మట్టి వదులు చేస్తే చాలు, తిరగేయనక్కర్లేదు. మూడో ఏటికి పైపైన గీరి ఎరువు పరచడమే మిగులుతుంది. నల్లరేగడిలో లోతు తవ్వకానికి అంత పని లేదు. ఎండాకాలంలో అది దానంతట అదే పగిలి వదులవుతుంది. అక్కడ అసలు పని తడి చూసి తవ్వడం.

నేల పదునుకు వచ్చిందో లేదో చేతితోనే తెలుస్తుంది. నాలుగు వేళ్ళ లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ కట్టాలి. బొటనవేలితో నొక్కితే ఉండ విడిపోయి పొడిపొడిగా రాలితే అది పదును, పార పట్టుకోవచ్చు. వేలి ముద్ర పడి ఉండ అలాగే నిలిస్తే ఇంకా తడి ఎక్కువ, రెండు రోజులు ఆగాలి. ఉండే కట్టకపోతే ముందు నీరు పెట్టి, ఆరనిచ్చి, అప్పుడు తవ్వాలి. తడి రేగడిని తవ్వితే ఆ ముద్దలు ఎండి ఇటుకలవుతాయి, పంటకాలమంతా విరగవు. ఒక్క పూట తొందర నాలుగు నెలలు బాధిస్తుంది.

ఎరువు లెక్క

కూరగాయలకు ఎకరానికి 8 నుంచి 10 టన్నుల చివికిన పశువుల ఎరువు వేయాలన్నది వ్యవసాయ శాస్త్రవేత్తల సాధారణ సిఫారసు. సెంటు నేలకు అది 80 నుంచి 100 కిలోలు. తెలంగాణ లెక్కలో గుంటకు 200 నుంచి 250 కిలోలు. గింజ వేయడానికి రెండు మూడు వారాల ముందే వేసి, పై ఆరంగుళాల మట్టిలో కలిసేలా చేయాలి.

పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. 92 కిలోల ఎరువులో ఎంత నత్రజని ఉంటుందో ఒక్క కిలో యూరియాలో అంత ఉంటుంది. ఎరువులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది కొంత భాగమే. ఈ లెక్క చూసి పేడ ఎరువు మోయడం వృథా శ్రమ అనుకునేవాళ్ళున్నారు. యూరియా మొక్కకు నత్రజని ఇచ్చి తప్పుకుంటుంది. ఎరువు అయితే నేలకు నీటిని పట్టే గుణమిస్తుంది, ఎర్ర నేల అట్టకట్టకుండా చూస్తుంది, రేగడి జిగటను తగ్గిస్తుంది. వేసవి తోటకు ఈ రెండో మేలే ముఖ్యం. నీరు నిలవని నేలలో నత్రజని ఎంత ఉన్నా వేరు తాగలేదు.

పేడ పచ్చిగా ఉండకూడదు. పచ్చి పేడ వేడి పుట్టించి లేత వేళ్ళను కాలుస్తుంది. కలుపు గింజల్నీ, వేరు పురుగునూ వెంట తెస్తుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిగా, తడి మట్టి వాసనతో ఉంటుంది. పేడ వాసన వస్తుంటే ఇంకా మాగలేదని అర్థం. ఇంటి కంపోస్టు ప్రస్తావన వస్తే ఆల్బర్ట్ హోవార్డ్ పేరు తప్పక చెప్పాలి. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఆయన పంట వ్యర్థాలు, పేడ, మట్టి పొరలుగా వేసి తిరగేస్తూ కుళ్ళబెట్టే పద్ధతిని తీర్చిదిద్దారు. ఇండోర్ పద్ధతిగా అది ప్రపంచమంతా పాకింది. భారతీయ రైతుల దగ్గర నేర్చుకున్నది చాలా ఉందని ఆయన దాచుకోకుండా చెప్పారు. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలిస్తే కలుపు గింజలు చస్తాయి. మాఘంలో వాడుకోవాలంటే ఆ కుప్ప దసరా నాటికే మొదలవ్వాలి.

పశువుల ఎరువు దొరకని పట్టణాల్లో వర్మీకంపోస్టు, నూనె పిండ్లు దారి. వేరుశనగ పిండిలో నత్రజని సుమారు 7 శాతం, వేప పిండిలో 5, ఆముదం పిండిలో 4 శాతం పైన. పాదుకు గుప్పెడు వేప పిండి వేస్తే పోషకం అందడంతోపాటు నులిపురుగులు, చెదలు తగ్గుతాయి. వంగ, టమాటా, బెండ వేళ్ళ మీద బుడిపెలు కనిపించిన పెరటిలో అది తప్పనిసరి. ఆ మళ్ళలో ఒక కారు బంతి వేయడం కూడా నులిపురుగును అణచడానికి పనికొస్తుంది.

జీవామృతం మాట కూడా చూద్దాం. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన లెక్కలో ఎకరానికి 10 కిలోల పేడ, 10 లీటర్ల దాకా మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీరు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం లక్షల రైతులకు చేరింది. పై లెక్కన చేసిన జీవామృతం మొత్తంలో నత్రజని సుమారు పావుకిలో మాత్రమే ఉంటుంది, కూరగాయ పంట ఎకరానికి తీసుకునేదేమో పదుల కిలోల్లో. కాబట్టి దాన్ని ఎరువుకు బదులు అనుకోవడం పొరపాటు. మట్టిలోని సూక్ష్మజీవులను మేల్కొల్పడానికే ఇదని ఆ పద్ధతి చెప్పేవాళ్ళే అంటారు. ఆ జీవులకు తిండి కావాలి, ఆ తిండి ఆకూ అలమూ, ఎరువూనే. ప్రకృతి వ్యవసాయంలో జీవామృతంతోపాటు ఆచ్ఛాదన (నేలను ఆకుతోనో గడ్డితోనో కప్పడం), ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉంచడం కూడా భాగాలు. పెరటివాళ్ళు బెల్లం నీళ్ళ భాగం ఒక్కటే తీసుకుని మిగతా రెండూ వదిలేస్తే పద్ధతిని తప్పుపట్టే హక్కు లేదు.

చివరగా ఒక ఇంటి చిట్కా. టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేయమంటారు. పెంకు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది. ఆ నలుపుకు కాల్షియం లోటు కారణమే గాని, చాలాసార్లు నేలలో కాల్షియం ఉండగానే ఆ లోటు వస్తుంది. ఒక రోజు ముంచెత్తి మూడు రోజులు ఎండబెట్టే నీటి తీరు వల్ల అది కాయకు చేరదు. తడి ఒకే తీరుగా ఉంచడమే దానికి మందు.

ఎత్తు మడులా, పాదు గుంటలా

చెక్క చట్రాలు బిగించి ఎత్తుగా కట్టిన మడులు చూడముచ్చటగా ఉంటాయి. నీరు త్వరగా దిగిపోవడం వాటి గుణం. మురుగు నిలిచే చోట, వానకాలంలో ఆ గుణం వరమే. నల్లరేగడిలో మురుగు కోసం ఇక్రిశాట్ 1970లలో రూపొందించిన వెడల్పు మడి, సాలు పద్ధతి కూడా ఈ సూత్రం మీదే నిలుస్తుంది. మీటరు వెడల్పు మడి, అరమీటరు సాలు. కానీ ఎర్ర చెల్కలో, ఇసుక నేలలో, మార్చి నుంచి జూన్ దాకా ఎత్తు మడి నాలుగు పక్కలా ఎండకు కాలి, పొద్దున పోసిన నీరు సాయంత్రానికి ఆవిరవుతుంది. ఆ నేలల్లో పాదు గుంటే మేలు. అమెరికా నైరుతి ఎడారి అంచున జూనీ జాతివాళ్ళు గళ్ళుగళ్ళుగా గుంట మడులు కట్టి పంట తీసింది ఇదే అవసరం కోసం. ఒకే పెరటిలో వేసవికి పాదు తీసి, తొలకరికి అదే చోట మట్టి ఎగదోసి బోదె చేసుకోవడం మన కాలానికి సరిపడే పని.

పాదు మధ్యలో కుండ పాతిపెట్టడం పాత పద్ధతి. మెరుగు పూయని, ఐదారు లీటర్లు పట్టే మట్టి కుండను మెడ దాకా పాతి, నీరు నింపి మూకుడు మూయాలి. చుట్టూ బెత్తెడు దూరంలో నాలుగు బీర గింజలో, దోస గింజలో గుచ్చాలి. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ గోడ నుంచి నీరు ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. కొన్నాళ్ళకు తవ్వి చూస్తే సన్నవేళ్ళు కుండ పొట్టకు వలలా అల్లుకుని కనిపిస్తాయి. పైమట్టి పొడిగా ఉంటుంది కనుక కలుపు మొలవదు. డ్రిప్పు పెట్టుకునే వీలున్నవాళ్ళకు అదీ మంచిదే. నిండా అల్లుకున్న పాదులు ముదురు ఎండల్లో చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు తాగుతాయి. సెంటు తోటకు 200 లీటర్ల పైన కావాలి. అంత నీరు లేదనుకుంటే మాఘంలోనే తోట విస్తీర్ణం తగ్గించుకోవడం తెలివైన పని.

ఎన్ని పద్ధతులు మారినా మారకూడనిది ఆచ్ఛాదన. మొలక జానెడు ఎదిగాక ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, ఏది దొరికితే అది మూడంగుళాల మందాన పరచాలి. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచాలి. గడ్డిని మట్టిలో కలపకూడదు. కలిపితే దాన్ని కుళ్ళబెట్టే జీవులు మొక్కకు దక్కవలసిన నత్రజనిని లాగేసుకుంటాయి. పైన పరిస్తే ఆ బాధ ఉండదు. చెదలు ఉన్న నేలలో గడ్డి కింద వేప పిండి చల్లుకోవాలి.

ఏ గింజ, ఎప్పుడు

జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరిదాకా బెండ, గోరుచిక్కుడు, తీగజాతి కూరగాయలన్నీ నేరుగా విత్తుకోవచ్చు. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, మొక్కల మధ్య అడుగు, వరసల మధ్య అడుగున్నర ఎడం ఉంచితే 45 రోజులకు తొలి కాయ తెంపవచ్చు. వేసవి బెండకు పెద్ద శత్రువు తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. ఒకప్పుడు ఇంటింటా వేసిన పూసా సవానీ రకం ఇప్పుడు దానికి లొంగిపోతోంది. తట్టుకోవడానికే తెచ్చిన పర్భణీ క్రాంతి, బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా అనామిక వంటి రకాలు ఎంచుకోవాలి. ఆకు పసుపు వలగా మారిన మొక్కను ఆశ పెట్టుకోకుండా పీకేయాలి.

బీర, కాకర, పొట్ల, ఆనపలకు పందిరి ముందే వేసుకోవాలి. తీగ సాగాక గుంజలు పాతితే వేళ్ళు తెగుతాయి. ఆ పందిరి నీడన తోటకూర, బచ్చలి, పుదీనా ఎండలు దాటుతాయి. తోటకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది కనుక విడతలుగా చల్లుకోవాలి. గోంగూరకు ఎండ భయం లేదు. కొత్తిమీర, పాలకూర వేడికి పూతకు పోతాయి. మార్చి తర్వాత వాటి కోసం నీరు ధారపోయడం దండగ.

టమాటా దగ్గర ఎక్కువమంది నిరాశపడతారు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 22, 23 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడై పూత రాలుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండే మదనపల్లె ప్రాంతం వేసవి టమాటాకు పేరు పొందడానికి ఒక కారణం ఆ చల్లదనమే. మైదానంలో వేసవి టమాటా కావాలంటే నారు డిసెంబరులోనే పోసి, జనవరిలో నాటి, మార్చిలోగా కాయ కట్టించుకోవాలి. ఫిబ్రవరిలో నారు పోసినవాళ్ళకు ఏప్రిల్‌లో ఆకు తప్ప మిగలదు. వంగ, మిరప అంతకన్నా ఓర్చుకుంటాయి. ఈ మూడూ ఒకే కుటుంబం కనుక నిరుడు ఒకటి వేసిన మడిలో ఈ ఏడు మరొకటి వేయకూడదు.

మేడ మీది తోట

నగరాల్లో చాలామందికి పెరడు మేడ మీదే. అక్కడ మొదటి ప్రశ్న బరువు. తడి మట్టి ఘనపు మీటరు 1,600 కిలోలు దాటుతుంది. అడుగు మందం పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోల దాకా పడుతుంది. మనుషులు తిరిగే ఇంటి కప్పులను భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకే లెక్కిస్తారు. కాబట్టి కప్పంతా మట్టి పరిచే ఆలోచన వదులుకుని, సంచులనూ కుండీలనూ గోడలు, దూలాలు ఉన్న చోట్ల ఎడం ఎడంగా పెట్టాలి. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పీచు పొడి సమపాళ్ళలో కలిపితే బరువు తగ్గుతుంది. పీచు పొడిలో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళు మార్చి కడగనిదే వాడకూడదు. మేడ మీద ఎండకు వెరవని మొక్క అరుదు. మార్చి నుంచి పచ్చ వల కట్టడం, సంచులను దగ్గరదగ్గరగా జరిపి ఒకదాని నీడ మరొకదానికి పడేలా చూడడం అవసరం.

సముద్రం దాటిన పెరడు

అమెరికాలో తెలుగు కుటుంబాలు గోంగూర, దోస, ఆనప పెంచుకోవడం ఇప్పుడు మామూలే. వాళ్ళకు పైన మొదట చెప్పిన వసంతం వర్తిస్తుంది. డల్లాస్ చుట్టుపక్కల ఆఖరి మంచు సగటున మార్చి మధ్యలో పడుతుంది, న్యూజెర్సీ నడుమ ఏప్రిల్ చివరి దాకా భయమే. గాలి వెచ్చబడగానే తొందరపడి గింజ వేయకూడదు. నేల వేడి 18 డిగ్రీలు దాటాకే బెండ, గోంగూర వేయాలి. డల్లాస్ నేల గుంటూరు నల్లరేగడికి చుట్టమే. టెక్సస్ రాష్ట్ర నేలగా గుర్తింపు పొందిన హ్యూస్టన్ బ్లాక్ ఇలాగే ఉబ్బి, ఇలాగే పగులుతుంది. పల్నాడులో రేగడి పదును చూసి పెరిగినవాళ్ళకు అక్కడ ఆ విద్య అలాగే పనికొస్తుంది. న్యూజెర్సీలోని పుల్లని ఇసుక నేలల్లో మాత్రం సున్నం నిజంగానే కావాలి, పరీక్ష చేయించి వేసుకోవాలి. గోంగూర పగలు కురచయితేనే పూస్తుంది కనుక, అక్కడి పొడుగు వేసవి పగళ్ళలో నెలల తరబడి ఆకు ఇస్తూనే ఉంటుంది.

తేలినదేమిటి

వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మిగిలిన తగాదా చిన్నదే. లోతుగా తవ్వడం మొదటి ఏటి పని, ఆ తర్వాత తవ్వకం తగ్గించడమే మేలు. ఎత్తు మడి వానకాలానికి, మురుగు నేలకు. పాదు గుంట ఎండాకాలానికి, చెల్క నేలకు. జీవామృతం ఎరువుకు తోడు, ఎరువుకు బదులు కాదు. సున్నం కావాలో వద్దో పరీక్షే చెప్పాలి. ఏ పద్ధతి వారైనా కాదనని రెండు పనులు మిగులుతాయి: చివికిన ఎరువు ఏటా వేయడం, నేలను బోసిగా వదలకపోవడం.

ఈ రెండూ ఖరీదైనవి కావు. మన పట్టణాల్లో ఎండుటాకులు ఊడ్చి సంచుల్లో కట్టి చెత్తబండికి ఇస్తున్నాం, కొన్నిచోట్ల వీధి చివర తగలబెడుతున్నాం. అదే వారం నర్సరీకి వెళ్ళి కంపోస్టు సంచులు కొనుక్కొస్తున్నాం. మాఘ, ఫాల్గుణాల్లో వేపా, రావీ, బాదమూ ఆకు రాల్చే కాలానికే మన వేసవి పాదులకు కప్పు కావలసి వస్తుంది. ఈ ఏడు గింజలు కొనే ముందు ఇంటి వెనక ఒక మూల మూడడుగుల వెడల్పున గుంట తీసి, రాలిన ఆకూ వంటింటి తొక్కూ అందులో వేయడం మొదలుపెట్టండి. తోట సెంటుదైనా, నాలుగు కుండీలదైనా, పై మాఘానికి కావలసిన ఎరువు అక్కడే తయారవుతుంది.